సాయంత్రం సైకిళ్లు: అందరికంటే చివర ఎవరున్నారు?

సముద్రం పక్కన కుటుంబాలన్నీ కలిసి సాయంత్రం పూట వెళ్లే సైకిల్ రైడ్‌కి రావాలని ఉండి, ఏదో సందేహంతో ఆగిపోయినవాళ్లు రాయండని పోయిన సంచికలో అడిగాను. చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువ మందిది ఒకటే భయం: వెనకబడిపోతే ఎలా అని. ఇలాంటి రైడ్‌లలో నేను ఎప్పుడూ చివరి సైకిల్ మీదే ఉంటాను. నా వెనక ఎవరూ మిగిలిపోకుండా చూడటమే నా డ్యూటీ. అందుకే ఈ జవాబులన్నీ వెనక నుంచి చూసి రాసినవి. ముందు దూసుకుపోయేవాళ్లకు కొన్ని రుచించకపోవచ్చు.

అక్కా, మా పాపకు ఏడేళ్లు. పక్క చక్రాలు తీసేసి మూడు నెలలైంది. మా అపార్ట్‌మెంట్ వాళ్లు నలభై మంది దాకా శనివారం సాయంత్రం సముద్రం పక్క రోడ్డు మీద పన్నెండు కిలోమీటర్లు వెళ్తున్నారు. మా ఆయన రెడీ. నేను సైకిల్ తొక్కి పదిహేనేళ్లవుతోంది. మా ఇద్దరి కోసం అందరూ ఆగాల్సి వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. వెళ్లమంటారా?
– ఒక అమ్మ

వెళ్లండి. కానీ వెళ్లేముందు రైడ్ పెట్టినవాళ్లను మూడు సంగతులు అడగండి. చివర ఎవరుంటారు? ఎక్కడెక్కడ ఆగుతారు? మధ్యలో వెనక్కి తిరగాలనుకుంటే ఎక్కడ తిరగొచ్చు, తోడు ఎవరొస్తారు? ఈ మూడింటికీ వెంటనే జవాబు వస్తే అది నిజంగా పిల్లల కోసం ఆలోచించి పెట్టిన రైడ్. "అబ్బే, అందరం కలిసే వెళ్తాం కదండీ" అంటే మాత్రం అనుమానించాల్సిందే. మొదటి రెండు కిలోమీటర్ల వరకే అందరూ కలిసి ఉంటారు.

ఇక పాప సంగతి. మీ సైకిల్ 26 అంగుళాలదైతే చక్రం ఒకసారి తిరిగేసరికి రెండు మీటర్లు దాటి ముందుకెళ్తుంది. పాపది 16 అంగుళాలదైతే దాదాపు మీటరుంపావే. అంటే మీరు హాయిగా కబుర్లు చెప్పుకుంటూ తొక్కే దూరానికి ఆ చిన్న కాళ్లు ఎంత కష్టపడాలో చూడండి. దానికితోడు పిల్లల సైకిళ్లకు చాలావాటికి గేర్లుండవు. ఆ వయసు పిల్లలు గంటకు ఎనిమిది, పది కిలోమీటర్ల వేగంతో కొంతసేపు బాగానే తొక్కుతారు. తర్వాత ఒక్కసారిగా ఆగిపోతారు. పెద్దవాళ్లలా నెమ్మదిగా అలిసిపోవడం వాళ్లకు తెలీదు. అప్పటిదాకా పాడుతూ వచ్చిన పిల్ల హఠాత్తుగా సైకిల్ పడేసి గట్టు మీద కూర్చుంటుంది. ఇక బతిమాలినా లేవదు. మొదటిసారికి రానూపోనూ కలిపి అయిదారు కిలోమీటర్లు చాలు. మిగతావాళ్లు పన్నెండు వెళ్తే వెళ్లనివ్వండి. మీరు మూడో కిలోమీటరు దగ్గర తిరిగి వచ్చేయండి. మధ్యలో తిరిగి వచ్చేవాళ్లకు ఏర్పాటు ఉందా అని అడగమన్నది ఇందుకే.

అందరూ మీకోసం ఆగాల్సి వస్తుందన్నారు. ఇక్కడ ఒక విషయం చెప్పాలి, ఇది చివరి సైకిల్ మీద ఉన్నవాళ్లకే కనబడుతుంది. ముందు వెళ్లినవాళ్లు ఒక చోట ఆగుతారు. సైకిళ్లు స్టాండ్ వేసి, నీళ్లు తాగి, ఫొటోలు దిగుతారు. పది నిమిషాలకు చివరివాళ్లు రొప్పుతూ చేరుకుంటారు. వాళ్లు కాలు కింద పెట్టీ పెట్టకముందే "ఆఁ, అందరూ వచ్చేశారు, పదండి" అని ఓ కేక. అంటే బలమున్నవాళ్లకు పది నిమిషాల విశ్రాంతి, లేనివాళ్లకు అసలు లేదు. ఇలా మూడు చోట్ల జరిగితే నాలుగోసారికి ఆ కుటుంబం రైడ్‌కే రాదు. "వాళ్లకు అలవాటు లేదు పాపం" అనుకుంటాం. అలవాటు లేక కాదు, వాళ్లకు కూర్చునే టైమే ఇవ్వలేదు. మేం పాటించే పద్ధతి ఇది: చివరి పిల్ల దిగి, నీళ్లు తాగి, మూత పెట్టాక కదలడం. కదిలేటప్పుడు కూడా ఆ పిల్ల కుటుంబాన్ని నాయకుడి వెనకే, మొదటి వరసలో నిలబెడతాం. అక్కడి నుంచి వెనక్కి జారేసరికి మళ్లీ ఆగే చోటు దగ్గరపడుతుంది. మీ వాళ్లకు ఈ రెండూ చెప్పి చూడండి.

రోడ్డు మీద మీ ముగ్గురూ ఎలా ఉండాలంటే: ఒకరు పాపకు ముందు, ఒకరు వెనక. వెనకున్నవాళ్లు పాపకన్నా ఒక మూర రోడ్డు మధ్య వైపుగా తొక్కాలి. అలా అయితే వెనకొచ్చే బండి ముందు పెద్దవాళ్లను చూసి పక్కకు తప్పుకుంటుంది. ముందున్నవాళ్లు మాటిమాటికీ వెనక్కి తిరిగి చూడకూడదు. తల తిప్పిన వైపే హ్యాండిల్ కూడా తిరుగుతుంది, ముఖ్యంగా పదిహేనేళ్ల తర్వాత ఎక్కినప్పుడు. మాటలు చెప్పేది వెనకున్నవారే. "బ్రేకు", "గుంట", "ఎడమకి" ఇలా ఒక్కో మాట చాలు. పెద్ద వాక్యాలు చెబితే పాప వినడానికి ఆగిపోతుంది.

మీ గురించి కూడా ఒక మాట. శనివారం లోపు రెండు సాయంత్రాలు ఖాళీ జాగా చూసుకుని బ్రేకులు పట్టడం, ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని రెండో చెయ్యి చాచడం ప్రాక్టీసు చేయండి. బ్యాలెన్స్ వెంటనే వచ్చేస్తుంది. ఒంటి చేత్తో తొక్కడానికే కాస్త టైం పడుతుంది. గుంపులో సైగ చెయ్యాలంటే అది కావాలి.

అమ్మా, నేను రిటైరైన లెక్కల మాస్టారిని. వయసు అరవై నాలుగు. పోయిన నెల మనవడితో ఇలాంటి రైడ్‌కి వెళ్లాను. వెళ్లేటప్పుడు పాతికేళ్ల కుర్రాడిలా వెళ్లాను. వచ్చేటప్పుడు ప్రాణం పోయింది. దారి ఒకటే, ఎత్తుపల్లాలు లేవు. నా ఓపికలో లోపమా?
– ఒక తాతయ్య

మాస్టారూ, లోపం మీ ఓపికలో లేదు, గాలి దిశలో ఉంది. లెక్కల్లోనే చెప్తాను. మీరు గంటకు 12 కిలోమీటర్ల వేగంతో తొక్కుతున్నారనుకుందాం. గాలి కూడా అదే వేగంతో మీ వెనక నుంచి వీస్తోంది. అప్పుడు మీ ఒంటికి తగిలే గాలి దాదాపు సున్నా. పాతికేళ్లు వచ్చేసినట్టే ఉంటుంది. తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి ఎదురైతే మీ మీదికి 24 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, గాలి లేని రోజుతో పోలిస్తే నాలుగు రెట్లు. వెళ్లేటప్పుడు వెనక నుంచి వీచే గాలిని ఎవరూ గమనించరు. "ఇవాళ గాలే లేదు" అంటారు కూడా.

ఎండపూట నేల తొందరగా వేడెక్కుతుంది, సముద్రం నెమ్మదిగా. నేల మీది వేడి గాలి పైకి లేస్తుంటే సముద్రం మీది చల్లగాలి ఆ చోటులోకి వస్తుంది. మధ్యాహ్నం దాటాక ఇది జోరుగా ఉండి, పొద్దు వాలేకొద్దీ తగ్గుతుంది. రాత్రి నేల చల్లబడ్డాక గాలి నేల వైపు నుంచి సముద్రం మీదికి మళ్లుతుంది. ఈ గాలి సూటిగా సముద్రం నుంచే వీస్తే ఒడ్డు వెంట పోయే మనకు పక్క నుంచి తగలాలి. కానీ ఆ కాలంలో మామూలుగా వీచే గాలి ఇంకో దిక్కు నుంచి వస్తుంటే రెండూ కలిసి ఏటవాలుగా వస్తాయి. అందుకే బయల్దేరేముందు ఏ జెండానో, చెట్టు కొమ్మలనో చూడండి. గాలి ఎటు నుంచి వస్తోందో ముందు అటే వెళ్లాలి. కాళ్లలో బలమున్నప్పుడే ఎదురుగాలి పని పూర్తిచేస్తే, అలిసిపోయాక గాలే ఇంటికి తోస్తుంది. రైడ్ పెట్టేవాళ్లు బయల్దేరే చోటును గాలిని బట్టి మార్చరు, పార్కింగ్‌ని బట్టి ఎంచుకుంటారు. అదే వచ్చిన చిక్కు. దారి మార్చడం కుదరకపోతే తిరుగు దారిని కుదించమనండి.

ఎదురుగాలిలో తల వంచి బలంగా తొక్కాలనిపిస్తుంది. వద్దు. గేరు తగ్గించి, కాళ్లు తేలిగ్గా తిరిగేలా చూసుకోండి. వేగం పడిపోతే పోనివ్వండి. ఇంకొకటి: సీటు ఎత్తు. పెడల్ కింద ఉన్నప్పుడు మోకాలు కొంచెమే వంగి ఉండాలి. చాలామంది పెద్దవాళ్లు రెండు కాళ్లూ నేలకు పూర్తిగా ఆనాలని సీటు బాగా దించేస్తారు. అప్పుడు ప్రతి తొక్కుడూ మోకాళ్ల మీదే పడుతుంది. గుండెకో, బీపీకో మందులు వాడుతుంటే మీ డాక్టరుకు ఒక మాట చెప్పి రండి.

మనవడి వెనక బాగా దగ్గరగా నక్కి గాలి తప్పించుకోవచ్చని ఎవరైనా సలహా ఇస్తారేమో. పోటీల్లో తొక్కేవాళ్లు చేసేది అదే, నిజంగా పనిచేస్తుంది కూడా. పిల్లలున్న గుంపులో మాత్రం పనికిరాదు. వాళ్లు ఎండ్రకాయ కనిపించినా బ్రేకు వేసేస్తారు.

మేడమ్, సముద్రం పక్క రోడ్డంతా వీధి దీపాలున్నాయి. అయినా సైకిల్‌కి లైట్లు తప్పనిసరి అంటున్నారు. ఎందుకు?
– లైట్లు కొనని ఒక నాన్న

మీకు దారి కనబడటానికి వీధి దీపాలు చాలొచ్చు. మీరు వెనకొచ్చే డ్రైవరుకు కనబడాలి కదా. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, పిల్లల సైకిళ్లకు కూడా. ముందు లైటును కాస్త కిందికి వంచండి, లేకపోతే ఎదురొచ్చేవాళ్ల కళ్లలో పడుతుంది. వెనక లైటు వెలుగుతూ ఆరుతూ ఉండేలా పెట్టకండి. ఒంటరిగా వెళ్లేటప్పుడు పరవాలేదు గానీ, గుంపులో వెనకున్నవాళ్లకు గంటసేపు అది చూస్తే తల తిరుగుతుంది. ఆ బాధ నాకు బాగా తెలుసు, నా ముందు అందరి లైట్లూ ఉంటాయి.

పెడల్స్‌కి ఉండే చిన్న రిఫ్లెక్టర్లను ఊడగొట్టకండి. అవి పైకీ కిందికీ కదులుతుంటే దూరం నుంచి కూడా అది సైకిలని పోల్చుకోవచ్చు. చీలమండకు మెరిసే పట్టీ కట్టుకున్నా అదే లాభం.

బయల్దేరేటప్పుడు బాగా వెలుతురుంది కదా అని మోసపోవద్దు. భూమధ్యరేఖకు దగ్గర్లో ఉన్న చోట్ల పొద్దు గుంకిన 20, 25 నిమిషాల్లోనే చీకటి పడిపోతుంది. పొద్దు వాలే వైపుకి తొక్కుతుంటే ఎండ కళ్లలోనే కొడుతుంది. అప్పుడు మీ వెనక అదే వైపుకి వచ్చే డ్రైవరుకూ అదే తంటా, మీరు అతనికి నల్లటి నీడలా కనిపిస్తారు. కాబట్టి సూర్యుడు ఉండగానే లైట్లు వేసేయండి. ఆగిన చోట ఫోన్ చూసి వెంటనే కదలకండి. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటుపడటానికి దాదాపు అరగంట పడుతుంది. ఆ అలవాటును ఫోన్ వెలుగు ఒక్క నిమిషంలో పోగొడుతుంది.

అక్కా, మా బాబుకు పది నెలలు. సైకిల్ వెనక బేబీ సీటు పెట్టించాం. వచ్చే రైడ్‌కి తీసుకురావచ్చా? పెద్దదానికి నాలుగేళ్లు, తన సంగతేంటి?
– ఇద్దరు పిల్లల తల్లి

బాబును ఇప్పుడే వద్దు. సాయం లేకుండా నిటారుగా కూర్చోవాలి, హెల్మెట్ బరువును మెడ మోయగలగాలి. ఏడాది నిండాక, పిల్లల డాక్టర్ని అడిగి అప్పుడు మొదలుపెట్టండి. రోడ్డు మీద ప్రతి చిన్న గతుకూ ఆ మెడకు తగులుతుంది. ఒక సాయంత్రం సరదా కోసం తొందరపడాల్సిన పని లేదు.

నాలుగేళ్ల పాపకు సీటు సరిపోతుందో లేదో దాని మీద రాసిన బరువు చూడండి. వెనక సీట్లు సాధారణంగా 22 కిలోల వరకు, హ్యాండిల్ దగ్గర పెట్టేవి 15 కిలోల వరకు ఉంటాయి. బెల్టు రెండు భుజాల మీదుగా రావాలి. కాళ్లకు గట్టి అడ్డు ఉండాలి. క్యారియర్ మీద ఊరికే కూర్చోబెడితే పిల్లల మడమ స్పోకుల్లో పడి నలుగుతుంది. ఇది అరుదేమీ కాదు, సైకిల్ మీద వెనక కూర్చున్న పిల్లలకు తగిలే దెబ్బల్లో బాగా తెలిసినదే. నిద్రలో కాలు జారినా చాలు. మీ చున్నీ గానీ, వదులు ప్యాంటు అంచు గానీ చక్రం దగ్గరికి రాకుండా బిగించి కట్టుకోండి.

పాప సీట్లో ఉండగా సైకిల్ స్టాండ్ వేసి చేతులు వదిలేయకండి. "ఒక్క నిమిషం, నీళ్ల సీసా తీస్తాను" అని వదిలినప్పుడే సైకిల్ పక్కకు ఒరుగుతుంది. ముందు పాపను దించాలి, తర్వాతే స్టాండ్. ఎక్కేటప్పుడు ముందు స్టాండ్ తీసి, ఒకరు సైకిల్ పట్టుకుంటే ఇంకొకరు పాపను కూర్చోబెట్టాలి.

హెల్మెట్ ముందంచు కనుబొమలకు రెండు వేళ్ల పైన ఉండాలి. గడ్డం కింద పట్టీలో ఒక వేలు పట్టాలి, అంతకన్నా వదులొద్దు. పాప పెద్దగా నోరు తెరిచినప్పుడు హెల్మెట్ తలను కిందికి నొక్కినట్టు అనిపిస్తే సరిగ్గా ఉన్నట్టు. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్‌ను, పైకి బాగానే కనబడినా, మళ్లీ వాడకూడదు. బంధువులు ఇచ్చిన పాతది అయితే దాని కథ అడిగి తెలుసుకోండి.

సైకిల్ వెనక తగిలించుకునే ట్రాలీ ఉన్నవాళ్లకు కూడా ఒక మాట. సముద్రం పక్కన గోడలు, భవనాలు అడ్డున్నంతసేపు గాలి తెలియదు. గోడ అయిపోయి ఖాళీ రాగానే ఒక్కసారిగా పక్క నుంచి తోస్తుంది. ట్రాలీ ఆ తోపును మీకన్నా ఎక్కువ పట్టుకుంటుంది. అలాంటి ఖాళీలకు ముందే వేగం తగ్గించండి.

ఆంటీ, నాకు పదిహేనేళ్లు. అమ్మానాన్న నన్ను బలవంతంగా ఈ ఫ్యామిలీ రైడ్‌కి లాక్కెళ్తారు. అంత స్లోగా తొక్కితే పడిపోతానేమో అనిపిస్తుంది. చాలా బోరు. ఏం చెయ్యను?
– నైన్త్ క్లాస్

నాయనా, నీ బాధ నిజమే. బాగా నెమ్మదిగా తొక్కడం వేగంగా తొక్కడం కన్నా కష్టం. నమ్మకపోతే పదడుగుల దూరాన్ని, కాలు కింద పెట్టకుండా, ఎంత ఎక్కువ సేపు తీసుకుని దాటగలవో చూడు. మీ ఫ్రెండ్స్‌లో సగం మంది ఓడిపోతారు.

నువ్వు ఊరికే గుంపులో ఒకడిగా వెళ్తే బోరు కొట్టక ఏమవుతుంది? పని అడుగు. మలుపుల దగ్గర ఒకరు నిలబడాలి. ముందున్న గుంపు అటు తిరిగిపోయాక వెనక వచ్చేవాళ్లకు ఎటు వెళ్లాలో తెలియదు కదా. చివరి సైకిల్ దాటేదాకా అక్కడే నిలబడి, తర్వాత అందర్నీ దాటుకుంటూ ముందుకెళ్లి ఇంకో మలుపు దగ్గర నిలబడాలి. అందరూ తొక్కే దూరానికి మించి నువ్వు తొక్కుతావు, అదీ నీకిష్టమైన స్పీడులో. దాటేటప్పుడు మాత్రం బెల్ కొట్టి, రోడ్డు మధ్య వైపు నుంచే దాటు. పిల్లలకూ గోడకూ మధ్యలోంచి దూరకు.

ఒక్కటి గుర్తుపెట్టుకో. గుంపులో ఎక్కువగా పడేది ఎవరంటే, తన ముందు చక్రాన్ని ముందువాళ్ల వెనక చక్రం పక్కకు తీసుకొచ్చినవాడు. ముందువాడు అటో ఇటో కాస్త జరగ్గానే రెండు చక్రాలూ రాసుకుంటాయి. ముందువాడికి ఏమీ కాదు, వాడి హ్యాండిల్ నిటారుగానే ఉంటుంది. వెనకవాడి ముందు చక్రం మెలితిరుగుతుంది, వాడు కింద పడతాడు. కాబట్టి ఉంటే పూర్తిగా వెనక ఉండు, లేదంటే పూర్తిగా పక్కకు వచ్చి దాటెయ్యి. మధ్యలో వేలాడొద్దు.

పంక్చర్ వేయడం వచ్చా? రాకపోతే ఈ వారం ఇంట్లో పాత ట్యూబు మీద నేర్చుకో. చీకట్లో ఎవరి టైరైనా దిగిపోతే పాతికమంది పెద్దవాళ్లు చుట్టూ నిలబడి సలహాలిస్తారు. పని వచ్చినవాడు ఒక్కడూ ఉండడు.

మా గుంపులో ఒకాయన సైకిల్‌కి స్పీకర్ కట్టి పాటలు పెడతారు. పిల్లలకు ఉత్సాహంగా ఉంటుందంటారు. మీరేమంటారు?
– చెవులు పోయిన ఒకరు

అలల చప్పుడుకే వెనకొచ్చే బండి హారన్ సగం వినబడదు. దాని మీద పాట కూడానా? ఆగిన చోట పెట్టుకోమనండి, నేనూ వింటాను. ఇయర్‌ఫోన్లకూ ఇదే జవాబు.

సముద్రం పక్కన రెండుసార్లు తొక్కానో లేదో చైన్ ఎర్రబడిపోయింది. కొత్త సైకిల్! పక్కనే ఉన్న మా అన్నయ్య సైకిల్ బాగానే ఉంది. ఏం మాయ?
– కొత్త సైకిల్ ఓనర్

మీ అన్నయ్య ఇంటికెళ్లి తుడుస్తున్నాడు, మీరు తుడవడం లేదు. మాయ ఏమీ లేదు. గాల్లో ఎగిరే సన్నటి ఉప్పు తుంపర ఇనుము మీద పడి ఎండిపోదు. ఉప్పు గాల్లోని తేమను లాక్కుని లోహాన్ని తడిగానే ఉంచుతుంది. కాబట్టి రాత్రంతా వదిలేస్తే రాత్రంతా తుప్పు పని నడుస్తూనే ఉంటుంది.

అదే రాత్రి ఒక మగ్గు మంచినీళ్లు మెల్లగా పోయండి. పైపుతో జోరుగా కొట్టకండి, బేరింగుల్లోకి ఉప్పునీరే పోతుంది. పొడి గుడ్డతో చైన్‌ని పట్టుకుని పెడల్ వెనక్కి తిప్పుతూ తుడవండి. ఆరాక లింకుకో చుక్క చొప్పున నూనె వేసి, పది నిమిషాలాగి పైకి కనబడే నూనెనంతా తుడిచేయండి. తుడవకపోతే ఇసుక అంటుకుంటుంది. నూనెలో కలిసిన ఇసుక చైన్‌ని ఉప్పుకాగితంలా అరగదీస్తుంది. సీటు రాడ్‌ని కూడా నెలకోసారి బయటికి తీసి గ్రీజు రాసి పెట్టండి. ఉప్పు తగిలితే అల్యూమినియం రాడ్ స్టీలు ఫ్రేములో పట్టేసుకుంటుంది, తర్వాత ఎంత లాగినా రాదు.

అలల్లోకి సైకిల్ దింపి ఫొటోలు దిగేవాళ్లకు నా దగ్గర జవాబేమీ లేదు.

మేమే ఒక రైడ్ పెడదామనుకుంటున్నాం. ఇరవై కుటుంబాలు. ఏమేం చూసుకోవాలి?
– ఒక కాలనీ నుంచి

ముందు ఇద్దరు వెళ్లి అదే దారిలో, అదే సమయంలో తొక్కి రండి. పొద్దున చూసిన రోడ్డు, సాయంత్రం రోడ్డు ఒకటి కాదు. నడిచేవాళ్లు ఎక్కడ గుమిగూడతారు, బళ్లు ఎక్కడ నిలుపుతారు, కుక్కలు ఎక్కడుంటాయి, గాలికి కొట్టుకొచ్చిన ఇసుక రోడ్డు మీద ఎక్కడ మేట వేసింది, ఇవన్నీ రాసుకోండి. ఇసుక దగ్గర ఒక పెద్దాయన నిలబడి "బ్రేకు వెయ్యొద్దు, హ్యాండిల్ తిప్పొద్దు, నిటారుగా పోండి" అని చెబుతుంటే చాలు, పిల్లలు పడరు. ఇసుక మీద బ్రేకు వేసినప్పుడే చక్రం జారుతుంది. బాత్రూం ఎక్కడుందో చూసుకోండి. ఈ ఒక్క సంగతి మర్చిపోతే మిగతా ఏర్పాట్లన్నీ దండగ.

రోడ్డు వదిలి తడి ఇసుక మీద తొక్కాలనుకుంటే సముద్రం బాగా వెనక్కి తగ్గిన వేళ చూసుకోవాలి. ఆ వేళ రోజురోజుకీ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి పోయిన వారం కుదిరిన సమయం ఈ వారం కుదరదు. పిల్లలతో మాత్రం రోడ్డే మేలు.

ఇరవై కుటుంబాలను ఒకే గుంపుగా పంపకండి. పది, పన్నెండు సైకిళ్ల చొప్పున విడగొట్టి, ప్రతి గుంపుకూ ముందొకరు, చివరొకరు ఉండేలా చూడండి. చివర ఉండే మనిషిని జాగ్రత్తగా ఎంచుకోండి. పంపు, ప్యాచ్ సామాను, ప్రథమ చికిత్స పెట్టె ఆ మనిషి దగ్గరే ఉండాలి, ఎందుకంటే ఏదైనా జరిగిన ప్రతిసారీ వెనక నుంచి వచ్చేది ఆ మనిషే. ముందున్నవాళ్ల దగ్గర పంపు ఉండి ఏం లాభం? చివరి మనిషికి ఓపిక ఉండాలి, నాలుక మీద అదుపు ఉండాలి. "తొందరగా, తొందరగా" అనే అలవాటున్నవాళ్లను ముందుకు పంపేయండి.

బయల్దేరే చోట ప్రతి సైకిల్‌నీ మూడు చూపులు చూడండి. టైరు మీద ఎంత గాలి పట్టాలో రాసి ఉంటుంది, అంత ఉందా? రెండు బ్రేకులూ నొక్కితే చక్రం ఆగుతోందా? చైన్ వదులుగా వేలాడుతోందా? పిల్లల సైకిళ్లకు బ్రేకు ఉన్నా వాళ్ల వేళ్లకు లివరు అందని సందర్భాలే ఎక్కువ. లివరు దగ్గరుండే చిన్న స్క్రూ తిప్పితే హ్యాండిల్‌కి దగ్గరవుతుంది. ఎక్కించేముందు పిల్లనే పిలిచి నొక్కి చూపించమనండి. మీరు నొక్కి చూస్తే ఏం తెలుస్తుంది?

తలలు లెక్కపెట్టండి, బయల్దేరేటప్పుడు, తిరిగేటప్పుడు, చేరాక. సైకిళ్లను లెక్కపెడితే వెనక సీటు పిల్లలు లెక్కలోకి రారు.

వాన పడితే?
– పేరు లేదు

చినుకులైతే నెమ్మదిగా వచ్చేయొచ్చు. చక్రం అంచును రబ్బరు పట్టుకునే బ్రేకులు తడిస్తే వెంటనే పట్టవు, ముందుగానే నొక్కడం మొదలుపెట్టాలి. రోడ్డు మీది తెల్ల గీతలూ, ఇనుప మూతలూ తడిస్తే జారుతాయి, వాటి మీద తిరగొద్దు. ఉరుము వినబడితే మాత్రం రైడ్ అక్కడితో ఆపాలి. ఒడ్డు మీది ఖాళీ జాగాలో మీకన్నా ఎత్తైనది ఏదీ ఉండదు. చెట్టు కిందకు వెళ్లకండి. గట్టి భవనంలోకో, తలుపులు మూసిన కారులోకో వెళ్లండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగండి. మధ్యలో ఇంకో ఉరుము వినబడితే ఆ 30 మళ్లీ మొదటి నుంచి లెక్క.